రెండు ఎడమ చేతుల చొక్కా

ఆదివారం మధ్యాహ్నం మూడున్నర. మూడో అంతస్తులో ఒకే ఒక్క గది. కుట్టుమిషను ముందు మరదలు, నిలువుటద్దం ముందు మగవాళ్ల చొక్కా తొడుక్కుని వదిన.

"కదలకు వదినా. అటు తిరుగు. ఊఁ, ఇటు. అబ్బ, ఎంత బాగుందో."

"నిజంగా బాగుందా, నువ్వు కుట్టావు కాబట్టి బాగుందా?"

"మనం కుట్టాం కాబట్టి బాగుంది. నీ కాలరు చూడు, హెడ్మాస్టరులా ఎలా నిలబడిందో."

"కాలరు సంగతి వదిలెయ్. ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా అదొక్కటే కుడుతున్నా. నిద్రలో కూడా కుడతా. మొన్న మీ అన్నయ్య దుప్పటి అంచు మడిచి మడిచి పెడుతున్నానట, తెల్లారి లేచి చెప్పాడు."

"అన్నయ్య ఇప్పుడు రాడుగా?"

"సినిమాకి తోలేశాను. ఐదు దాటితే గానీ రాడు."

"మంచి పని చేశావు. నాలుగింటికి బస్సులాయన వస్తాడు. చొక్కా నచ్చిందా, డ్రైవర్లందరికీ మన చొక్కాలే. అరవై, వదినా."

"అనకు. దిష్టి తగులుతుంది."

"అరవై."

"అనొద్దన్నానా."

"అరవై అరవై అరవై. నిన్న ఫోన్లో నువ్వు ధర చెప్పావు కదా, అంత ధర ఎక్కణ్నుంచి తెచ్చావు?"

"ఆదివారం కుట్టు క్లాసులో చెప్పినట్టే తెచ్చాను. బట్ట, దారం, కరెంటు, ఇద్దరి కష్టం, పైన కాస్త లాభం. అన్నీ కలిపి చెప్పెయ్యాలి, చెప్పాక నోరు మూసుకోవాలి. టీచరమ్మ మూడు వారాలు నేర్పింది ఆ నోరు మూసుకోవడం."

"నువ్వు మూసుకున్నావు, ఆయనా మూసుకున్నాడు. ఫోను పాడైందనుకున్నా నేను."

"ఇంకొక్క క్షణం ఆలస్యమైతే నేనే తగ్గించేసేదాన్ని. ఆయనే సరేనన్నాడు."

"ఫ్యాక్టరీలో మన పనికి మనం ఎప్పుడైనా ధర చెప్పామా?"

"వాళ్లు చెప్పేవాళ్లు, మనం నోరు మూసుకునేవాళ్లం. మూసుకోవడం మనకి ముందే వచ్చు, ఎప్పుడు మూసుకోవాలో తెలీలేదంతే."

"పోయినసారి జీతాలు పెంచినప్పుడు మిఠాయి పంచారు, గుర్తుందా?"

"గుర్తులేకేం. ఆ వారమే బస్సు టికెట్టు పెరిగింది. పెరిగిన జీతం దానికే చాల్లేదు. మిఠాయి డబ్బులు మనమే కట్టినట్టు అయింది. అది జరిగి ఆరేళ్లు."

"రేపు మన సూపర్వైజరు గంటాయన కాయితం పట్టుకుని గేటు దగ్గరే నిలబడతాడట. ఇంకో రెండేళ్లు ఇదే జీతానికి చేస్తామని సంతకం. శనివారం అందరి చేతా పెట్టించాడు, మనిద్దరమే మిగిలాం."

"వెనక గేటులోంచి జారుకున్నాం కాబట్టి మిగిలాం. రేపు దానికీ తాళం వేస్తారట."

"ఈ చొక్కా నచ్చితే ముందు గేటూ లేదు, వెనక గేటూ లేదు. మానేశామని ఫోన్లోనే చెప్పేస్తాం."

"నచ్చకపోతే?"

"నచ్చకపోతే సంతకం. రెండేళ్లు."

"అందుకే చెప్తున్నా, సరిగ్గా చూడు. నాకెందుకో ఈ కుడిచెయ్యి వెనక్కి లాగుతోంది."

"నువ్వు వంకరగా నిలబడ్డావు."

"నిటారుగానే ఉన్నానే. ఎడమ చెయ్యి ముందుకి చాపితే హాయిగా ఉంది. కుడిచెయ్యి చాపితే ఎవరో చంకలో పట్టుకుని గుంజినట్టుంది. ఈ కఫ్ దగ్గర చీలిక కూడా చూడు, అటు వెనక్కుంది, ఇటు ముందుకొచ్చింది."

"ఏదీ?"

"చూశావా?"

"ఆగు."

"ఏమిటే?"

"ఆగు వదినా, ఆగు. అయ్యో. అయ్యయ్యో."

"నవ్వుతున్నావా ఏడుస్తున్నావా?"

"తెలీడం లేదు. వదినా, ఇవి రెండూ ఎడమ చేతులే."

"ఏమిటీ?"

"రెండూ ఎడమవే కుట్టాను. ఎడమ చేతి పక్కన ఇంకో ఎడమ చెయ్యి."

"కళ్లు ఎక్కడ పెట్టుకున్నావే? పదకొండేళ్లుగా చేతులేగా కుడుతున్నావు?"

"ఎడమవి వదినా. మా టేబులు ఎడమ చేతులది. కుడివి పక్క టేబులుకి వెళ్తాయి. పదకొండేళ్లలో నేను ఒక్క కుడిచెయ్యి ముట్టుకోలేదు."

"మరి క్లాసులో చేతుల వారం నేర్పారు కదా, రెండూ?"

"నేను వెళ్లలేదు. నాకు చేతులు నేర్పేదేమిటి అనుకున్నా. నువ్వు వెళ్లావు కదా?"

"ఇంట్లో చేతుల మనిషి ఉండగా నాకెందుకనుకున్నా."

"అయితే ఆ రోజు నువ్వెక్కడికెళ్లావు?"

"నీతోపాటు సినిమాకే కదే."

"వదినా, నవ్వకు. నవ్వితే కుట్లు ఊడతాయి."

"ఊడితే మంచిదే. ఇంకో పావుగంటలో ఊడదీసి మళ్లీ ఎవరు కుడతారు? అమ్మో, ఎవరో తలుపు కొడుతున్నారు."

"బస్సులాయన ముందే వచ్చేశాడు."

"కన్నంలోంచి చూడు."

"కొంప మునిగింది. గంటాయన."

"ఏ గంటాయన?"

"మనకి ఎంతమంది గంటాయనలున్నారు? ఫ్యాక్టరీలో గంట కొట్టే మన సూపర్వైజరు. చేతిలో కాయితం కూడా ఉంది."

"ఇంట్లో లేమని చెప్పు."

"ఇంట్లో లేమని నేనెలా చెప్పను?"

"అమ్మా, మాటలు బయటికి వినపడుతున్నాయి. తలుపు తీస్తారా?"

"రండి సార్, రండి. మీ గురించే అనుకుంటున్నాం."

"వినపడిందమ్మా. ఏమీ అనుకోకండి, సెలవు రోజు వచ్చాను. ఒక చిన్న సంతకం కోసం—"

"కూర్చోండి సార్. మంచినీళ్లు?"

"వద్దమ్మా. సంతకం ఒకటి—"

"టీ పెట్టవే, సారు మూడంతస్తులు ఎక్కి వచ్చారు."

"టీ పొడి అయిపోయింది వదినా."

"అయితే వెళ్లి కొనుక్కురా."

"నన్ను వెళ్లమంటావేం, నువ్వెళ్లు."

"ఎవరూ వెళ్లద్దమ్మా. అర నిమిషం పని. కాలరమ్మా, మీరు తొడుక్కున్నది..."

"మా ఆయన చొక్కా సార్. చలేసి తొడుక్కున్నా."

"ఫ్యాను తిరుగుతోంది కదమ్మా."

"అందుకే చలి."

"సరే. ఇదిగో ఇక్కడ మీరు, ఇక్కడ ఈవిడ. ఇద్దరిదీ కావాలట. ఒక్కరిది చాలదన్నారు."

"ఇవాళ ఆదివారం కదా సార్, రేపు చూద్దాం."

"రేపటికి గడువు దాటిపోతుందమ్మా. ఇవాళ ఆరింటిలోగా ఇచ్చెయ్యాలి."

"మా పెన్నులో సిరా లేదు సార్."

"నా దగ్గరుంది."

"నా కళ్లజోడు కనపడ్డం లేదు."

"మీకు కళ్లజోడు ఎప్పుడమ్మా ఉంది?"

"అదే సార్, ఎప్పటినుంచో కనపడ్డం లేదు. ఇంతకీ మా ఇల్లెలా తెలిసింది మీకు?"

"ఆ ఆదివారం క్లాసు ఉంది కదా, అక్కడ అడిగాను. ఇప్పుడు అక్కణ్నుంచే వస్తున్నా. టీచరమ్మగారు మీ గురించి చాలా చెప్పారు."

"వదినా."

"ఊఁ."

"క్లాసు సంగతి కూడా తెలిసిపోయింది."

"వింటున్నానే. సార్, అంతా తెలిసిపోయాక ఇంక దాచేదేముంది. ఇది మా ఆయన చొక్కా కాదు. మేం కుట్టిన మొదటి చొక్కా. నాలుగింటికి చూపించాలి."

"అది నాకు తలుపు దగ్గరే అర్థమైందమ్మా. ఇంకొకటి కూడా అర్థమైంది. రెండూ ఎడమ చేతులు."

"ఎలా కనిపెట్టారు?"

"కుడిచెయ్యి ఏడుస్తోంది కదా. విప్పి నాకివ్వండి. బట్ట మిగిలిందా?"

"ముక్క ఉంది. మీకెందుకు సార్?"

"ఆ కత్తెర ఇలా ఇవ్వమ్మా. కొంచెం జరుగు, మిషను దగ్గర కూర్చోనీ. ఫ్యాక్టరీ మిషనైతే చెయ్యికి నాలుగు నిమిషాలు. దీని మీద పదిహేను పడుతుంది."

"సార్, మీకు కుట్టడం వచ్చా?"

"గంట కొడుతూనే పుట్టాననుకున్నారా? పద్నాలుగేళ్లు కుడిచెయ్యి టేబులు నాది. మీరు చేరకముందు సంగతి."

"మరి సూపర్వైజరు ఎప్పుడయ్యారు?"

"ఒకరోజు పిలిచి గంట ఇచ్చారు."

"జీతం పెంచారా?"

"కుర్చీ ఇచ్చారు."

"అంతేనా?"

"చేతులున్న కుర్చీ."

"వదినా, ఆ చేతులు ఆడుతుంటే చూడు. చీలిక రెండు మడతల్లో పడిపోయింది."

"చూస్తున్నా. గోడ గడియారం కూడా చూస్తున్నా."

"గడియారం చూడద్దమ్మా, కుట్టు వంకర పోతుంది."

"రోజంతా వాచీ చూసుకుంటూ మా నెత్తిన నిలబడేది మీరు కాదూ?"

"అందుకే చెప్తున్నా. నా నెత్తిన నిలబడినవాళ్లు చూసేవాళ్లు, మీ నెత్తిన నేను చూశాను. ఇదిగో, అయిపోయింది. దారం తుంపండి."

"కింద హారను. వచ్చాడు, వచ్చాడు. వదినా, నువ్వెళ్లు."

"ఫోన్లో ధర నేను చెప్పాను, ఈసారి నువ్వెళ్లు. పరిగెత్తకు, మెల్లిగా దిగు. ఆయన ధర తగ్గించమంటే నోరు మూసుకో. నోరు, గుర్తుంచుకో."

"మూసుకునే వెళ్తున్నా."

"అమ్మా, ఆవిడ వెళ్లారు కాబట్టి మీరన్నా ఆ సంతకం—"

"ఉండండి సార్, కిటికీలోంచి చూడనివ్వండి. ఇచ్చింది. ఆయన తొడుక్కుంటున్నాడు. మనిషి కాస్త లావే, అయినా పట్టింది. చేతులు పైకెత్తాడు."

"కుడిచెయ్యి?"

"ఎత్తాడు సార్. ఇప్పుడు స్టీరింగు తిప్పినట్టు తిప్పుతున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. గేరు మార్చాడు. రోడ్డు మీద బస్సు లేకుండానే నడిపేస్తున్నాడు."

"లాగుతోందా?"

"లాగడం లేదు, నవ్వుతున్నాడు. అయ్యో, వేలు చూపించి ఏదో అడుగుతున్నాడు. ఇది రాయిలా నిలబడింది. ధర తగ్గించమంటున్నాడన్నమాట. నోరు తెరవకే, తెరవకు తల్లీ, నీకు దణ్నం పెడతా."

"ఎందుకు తెరవకూడదు?"

"ముందు నోరు తెరిచినవాళ్లే తగ్గాలి సార్. క్లాసులో చెప్పారు."

"అది కూడా చెప్తారా క్లాసులో?"

"అన్నీ చెప్తారు. తలాడించాడు. సార్, తలాడించాడు. అబ్బ, మెట్లన్నీ ఎలా ఎక్కుతోందో వినండి, ఇల్లు కూలిపోయేలా ఉంది."

"వదినా. వదినా, అరవై కాదు."

"కాదా?"

"కాదు."

"ఎంతకి తగ్గించాడే? ముప్ఫైయా? ఇరవైయా?"

"ఎనభై. కండక్టర్లు కూడా కావాలన్నారట. నేను నోరే తెరవలేదు వదినా, ఆయన అడుగుతూనే ఉన్నాడు, నేను చూస్తూనే ఉన్నాను, చివరికి ఎనభై అన్నాడు. ఇదిగో అడ్వాన్సు. లెక్కపెట్టు."

"సార్, పక్కకి జరగండి, మంచం మీద పరిచి లెక్కపెట్టాలి."

"సంతోషం అమ్మా. చాలా సంతోషం. మరి ఆ సంతకం..."

"సార్, ఇంక దాచను. కుడిచెయ్యి కుట్టిపెట్టారు, ఆ ఉపకారం జన్మలో మరిచిపోం. కానీ సంతకం పెట్టం."

"పెట్టరా?"

"పెట్టం. పదకొండేళ్లు ఒక కాలరు, ఒక చెయ్యి. ఇద్దరం కలిసినా చొక్కా కాలేదు. పది నెలలు ఆదివారాలు వదులుకుని చదివాక ఇవాళ చొక్కా అయింది. రేపటినుంచి మా పనికి ధర మేం చెప్తాం. మీ కాయితం మీరు తీసుకెళ్లండి. కోపమొచ్చిందా సార్?"

"కోపం లేదమ్మా. మీరు పెట్టకపోతే ఇంక అడగడానికి నాకెవరూ లేరు, అదీ బాధ."

"ఫ్యాక్టరీ నిండా మనుషులే కదా సార్."

"ఇది ఫ్యాక్టరీ కాయితం కాదమ్మా. అది బీరువాలో ఉంది, దాని మీద మొదటి సంతకం నా చేతే పెట్టించారు. వచ్చిందగ్గర్నుంచీ చెప్దామంటే మీరిద్దరూ చెప్పనిస్తేగా. చదవండి."

"ఇలా ఇవ్వండి. వదినా, ఇది దరఖాస్తు. ఆదివారం క్లాసుకి, కొత్త బ్యాచి. వయసు యాభై రెండు."

"ఎవరికి? మీ అబ్బాయికా సార్?"

"యాభై రెండేళ్ల అబ్బాయి ఎక్కడుంటాడమ్మా. నాకే. పాత విద్యార్థులు ఇద్దరు సంతకం పెడితేనే చేర్చుకుంటారట."

"వదినా, 'వచ్చిన పనులు' అని నాలుగు గీతలున్నాయి. సారు 'కుడిచెయ్యి' అని ఒకటి రాసి, మిగతా మూడూ ఖాళీగా వదిలేశారు."

"ఒక్కటే వచ్చమ్మా."

"ఆ పెన్ను ఇటివ్వండి సార్. సంతకం పెట్టి, కింద టీచరమ్మకి ఒక ముక్క కూడా రాస్తాను."

"ఏమని?"

"చేతుల వారం ఈయన్ని సినిమాకి పోనివ్వద్దని."