గేటు దాకా అందే రౌటరు

జొంజు ఊరి బజారులో కెమెరాలమ్మే కొట్టుకొచ్చి, ఓక్‌బున్ అవ్వ ఉస్సూరంటూ స్టూలు మీద కూలబడింది.

"గేటు దగ్గరి కెమెరాలో బొమ్మ మాటిమాటికీ ఆగిపోతోంది బాబూ. గేటు దాకా అందే గట్టి రౌటరు ఇవ్వు."

"ఇప్పుడున్నది ఎక్కడ పెట్టారవ్వా?"

"కిమ్చి పచ్చడి పెట్టే ఫ్రిజ్ వెనకాల. దుమ్ము పడకుండా గుడ్డ కూడా కప్పాను."

"అంత ఇనప డబ్బా వెనక ఎంత మంచిదైనా అంతే. తీసి కిటికీలో పెట్టండి, కొత్తది దండగ. ఇంతకీ, దొంగల భయమా?"

"మా ఇంట్లో ఏముందని వస్తారు? మా ముసలాయనకి మతిమరుపు. ఎప్పుడో అమ్మేసిన బియ్యం కొట్టు తెరవాలని తెల్లారగానే బయల్దేరతాడు, దారి తప్పుతాడు."

"కెమెరా ఆయన్ని ఆపదు కదవ్వా."

"నేనే ఆపలేకపోతున్నాను, అదేం ఆపుతుందిలే. గేటు దాటి ఎటు తిరిగాడో కనపడితే చాలు. రెండో వైపు వెతికే పని తప్పుతుంది."