పలక మీద మూడు చేపలు

ఇలా జరుగు అమ్మాయ్, ఇంకొంచెం దగ్గరగా. అదేమిటి, కోర్టులో సాక్షిలా ఆ మూల స్టూలు మీద? నేనేమన్నా నిన్ను కొరుకుతానా! గాలానికి ఎరగా కట్టే ఆ రబ్బరు చేపలకి కళ్ళు వేసుకుంటూనే విను, చేతిపని ఆపమనడం లేదు. వినేవాళ్ళు ఎదురుగా లేకపోతే ఈ అత్తకి మాట పెగలదని నీకు తెలుసుగా. దేవుడికి మొరపెట్టుకునేది కూడా నేను పైకే మొరపెట్టుకుంటాను. ఆయన ఒక చెవి ఇటు పడేసి ఉంచుతాడని ధీమా.

మీ ఆయన థిన్నరు కొనుక్కొస్తానని వెళ్ళాడు. వచ్చేటప్పుడు కొత్త రంగులమనిషిని కూడా వెంటబెట్టుకొస్తాట్ట. వాడు వచ్చేలోపు ఈ మాట తేలిపోవాలి. కొత్తవాడి చేతికి బ్రష్షు ఇచ్చాడంటే, పాతవాడి నోట్లో మట్టి కొట్టినట్టే.

ఏ మాటా? ఏ మాటేమిటే, ఆ పడవ మాటే!

నాకు మొదటినుంచీ అనుమానమే. నా పుట్టుక అంతేలే. గిన్నె చప్పుడైతే అందరూ పిల్లి అనుకుంటారు, నేను మనిషి అనుకుంటాను. "నీ కళ్ళకి పోలీసు డ్రెస్సు కుట్టించాలే" అని మీ మామగారు నవ్వేవారు. నవ్వితే నవ్వారు గానీ, ఆయన జేబులో ఏముందో ఆయనకంటే ముందు నాకే తెలిసేది.

ఆ పళ్ళ డాక్టరు పడవని మావాడు ఎంత ముచ్చటగా చేశాడు! ఎక్కడో మూలపడున్న పాత ఫైబర్ పడవ. దానికి కొత్త పలకలు, గాలపు కర్రలు నిలబెట్టుకోవడానికి గొట్టాలు, ఎరల సీసాలకి గూళ్ళు, ఇక ఆ సీటు! ముందుకీ వెనక్కీ జరుగుతుంది, కన్నంలో చీల వేస్తే కదలదు. డాక్టరుగారిని కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళు చాపించి, టేపుతో కొలిచి మరీ పెట్టాడు. ఆ పైన రంగులాయన వేసిన నాచురంగు. బ్రష్షు ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో కనిపెట్టలేవు. లోపలికి నీళ్ళు వస్తాయేమో చూద్దామని షెడ్డు వెనక రేవులో కట్టేసి మావాడు ఊళ్ళోకి వెళ్ళాడు. మర్నాడు పొద్దున వచ్చాడు.

వచ్చి ఏం చూశాడు? పడవ ఒడ్డు మీదుంది. రంగులాయన అందులో వంగి కూర్చుని ముందు పలక మీద గబగబా బ్రష్షు ఆడిస్తున్నాడు. ఆ తడి రంగు కిందనుంచి మూడు చేపలు పైకి తేలుతున్నాయి.

చేపలంటే చేపలా? మన రబ్బరు చేపల మచ్చలు! పక్కపక్కనే పడుకున్నట్టు.

ఆ మచ్చ ఎలా పడుతుందో నీకు చెప్పాలా నేను? చేప మెత్తగా ఊగాలని దాంట్లో ఉంచే నూనె ఉందే, అది మహాపాపిష్టిది. రంగు మీద పెట్టి కాస్త ఎండ తగిలిందా, ఆ రంగుని నమిలేసి తన ఆకారం అక్కడ వదిలి లేస్తుంది. పైన ఇంకో పూత వేసినా ఆరి చావదు, బంకలా అలాగే ఉంటుంది. గోకి మొదటినుంచీ వేసుకోవాల్సిందే. కాపురానికొచ్చిన కొత్తలో నా ప్లాస్టిక్ డబ్బాలో చేపలు దాచి, డబ్బా కరిగి అన్నీ ఒకటే ముద్దయితే ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చావు. అప్పటినుంచేగా ఈ గాజు సీసాలు!

ఆవేళ మీ ఆయన అరిచిన అరుపుకి రేవులో కొంగలు లేచిపోయాయి.

"పడవ ఎవరు తీశారు?"

"నేను కాదు బాబూ."

"నువ్వు కాకపోతే ఈ దాచడమేమిటి? చేతిలో బ్రష్షు పెట్టుకుని నాకే కథలు చెబుతావా?"

"నేను తియ్యలేదు బాబూ."

"మరెవరు తీశారు? చెప్పు!"

రంగులాయన తల తిప్పి ఈ గది వైపు ఒక్కసారి చూశాడు. నువ్వప్పుడు ఇక్కడే, ఈ స్టౌ దగ్గరే ఉన్నావు. పాలలా ఉన్న ఆ ప్లాస్టిక్ ద్రవం వేడెక్కి తేటపడేదాకా కలుపుతూ. తల ఎత్తలేదు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆయన చూపు నా కంటబడింది. దొంగచూపు అనుకున్నాను.

అంతే, మావాడి చెవిలో ఊదాను. "ఒరేయ్, తెడ్లు షెడ్డులో పెట్టి తాళం వేశాం కదా, రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఆ మచ్చలు చూశావా, రెండు తోకలవి. కొత్త అచ్చు. ఒక్కటైనా గడప దాటి అమ్ముడుపోలేదు. ఈ బల్ల పక్కనుంచి రోజూ నడిచేదెవరు?" అని. ఊదితే నిప్పు రాజుకుంటుందని తెలిసే ఊదానమ్మా. ఆ క్షణాన ఎంత తెలివైనదాన్ని అనిపించిందో నాకు!

రంగులమనిషి తన రంగు మీద తనే ఎర పెట్టుకుంటాడా? ఇంతోటి పోలీసు కళ్ళకి ఆ ముక్క తట్టలేదు చూడు.

మావాడు పొమ్మంటే ఆయన తిట్టలేదు. బ్రష్షులు కడిగి, తుడిచి, బల్ల మీద ఆరబెట్టి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "అమ్మగారూ, ఆ పలక మీద ఎవరినీ కూర్చోనివ్వకండి, బట్టలు పాడవుతాయి" అన్నాడు. చూశావా పొగరు, అనుకున్నాను. అది కూడా పొగరే నాకు!

నిన్న రొట్టెల కొట్టు దగ్గర వాళ్ళావిడ ఎదురైంది. "మీ ఆయన పని మానేశాడటగా" అని ఎవరో పలకరించారు. "మానలేదు, దొంగ అని పంపించేశారు. రెండుచోట్ల అడిగాడు, ఈ మాట ముందే అక్కడికి చేరింది" అంది. గట్టిగానే అంది. నా వైపు మాత్రం చూడలేదు. చూస్తే బాగుండేది. రొట్టె కొన్నాను గానీ, తినబుద్ధి కాలేదు.

సరే, ఇవాళ పొద్దుటి సంగతి విను. జపానికి ఎక్కడ కూర్చున్నా పూస కదలడం లేదు. హాల్లో కూర్చుంటే మీ ఆయన చిందులు, పెరట్లో కూర్చుంటే పక్కవాళ్ళ రేడియో. దిమ్మల మీదున్న పడవలోకైతే ఎవరూ రారని స్టూలు వేసుకుని ఎక్కాను. నవ్వకు! పడవలు చేసే ఇంటికి కోడలిగా వచ్చి, అత్తనై, జుట్టు నెరిసి, ఇన్నాళ్ళకి పడవ ఎక్కాను. అదీ నేల మీదున్న పడవ! మీ మామగారు ఊళ్ళోవాళ్ళందరికీ పడవలు చేసిచ్చారు. "రావే, అలా ఓ చుట్టు తిరిగొద్దాం" అని నన్ను ఒక్కనాడు అనలేదు. నేనూ అడగలేదనుకో.

ఎక్కి సీట్లో కూర్చున్నానా, కాళ్ళు చక్కగా ముందు అరికాళ్ళు తన్నిపెట్టుకునే పట్టీకి ఆనాయి. నడుం హాయిగా ఒరిగింది. ఎంత దయ తండ్రీ నీది అనుకుంటూ పూస జరిపాను. జరిపిన వేలు అక్కడే ఆగిపోయింది.

ఇది డాక్టరుగారి కాళ్ళకి కొలిచి పెట్టిన సీటు కదా! ఆయన ఒంటె. పొట్టిదాన్ని, నా కాళ్ళెలా అందాయి?

వంగి చూద్దామని ముందు పలక మీద చెయ్యి ఆనించాను. చర్రున అంటుకుంది. ఛీ అనుకుంటూనే చూశాను. చీల మొట్టమొదటి కన్నంలో ఉంది. సీటు ముందుకంతా జరిపేసి ఉంది. ఆ గొడవ రోజు దిమ్మల మీదికి ఎక్కించడం తప్ప ఈ పడవని ఎవరూ ముట్టుకోలేదు. ఆ కొలతలో రంగులాయన కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. మనిషా అది, కరెంటు స్తంభం! మీ ఆయనా అంతే.

మరి ఈ ఇంట్లో నా ఎత్తువాళ్ళు ఎవరమ్మాయ్?

అదుగో, బ్రష్షు ఆగింది. పాపం, ఆ చేపకి మెల్లకన్ను వచ్చేసింది చూడు.

అప్పుడు నాకు ఎన్నెన్ని ఆలోచనలు వచ్చాయో చెబితే, ఈ జన్మలో నా మొహం చూడవు. నేను కునుకు తీసే వేళ చూసుకుని ఇది ఎక్కడికెళ్ళింది? అవతలి ఒడ్డున దీనికి ఎవరున్నారు? చూసినవాడు నోరెందుకు విప్పలేదు? వీళ్ళ మధ్య... అలా చూడకు, పూర్తిచెయ్యను. అనుమానం పట్టాక అది వావివరస చూడదే. "చెల్లెమ్మా" అని తప్ప నిన్ను పిలిచి ఎరుగడు ఆ మనిషి. నా లెంపలు నేనే వాయించుకున్నాను.

వాయించుకుని ఊరుకున్నానా? లేదు. నీ గది వెతికాను.

అవును, వెతికాను! ఆ మొహమేమిటి? నేను వెతక్కపోతే ఆశ్చర్యపోవాలిగానీ. నీ గుండీల డబ్బాలో, అడుగున, గుడ్డలో చుట్టి... ఇదిగో. చెయ్యి చాపు.

నల్లటి వీపు. దవడ పక్కన ఒక్క నారింజ చుక్క. ఒక తోక తెగిపోయింది. మెడ మీద ఈ గాట్లు చూశావా, చిన్న చిన్నవి, వరసగా? కత్తెర గాటు కాదు, ఎలుక కొరుకుడూ కాదు. మనకి పళ్ళ డాక్టరు అక్కర్లేదు, నేనే చెబుతాను ఎవరి పళ్ళో, అసలు చేపవి!

 పూసలు అక్కడే వదిలేశాను.

ఈ రంగు నువ్వు మొదటిసారి వేసి భోజనాల దగ్గర చూపించావు. మీ ఆయన ఏమన్నాడు? "దీన్ని చూస్తే చేప సంగతి సరే, పిల్లి కూడా మొహం తిప్పుకుంటుంది. కొనేవాళ్ళు మెరుపు అడుగుతారు, తళుకు పొడి దండిగా వెయ్యి" అన్నాడు. నేనూ నవ్వాను. నువ్వు నవ్వలేదు, కంచం తీసుకుని లేచిపోయావు. దీనికి ఇంత రోషమేమిటి అనుకున్నాను. ఎంతకాలంగా అచ్చులు పోస్తున్నావు, ఎన్ని వేల కళ్ళు వేశావు! నీ చేప నీళ్ళలో ఎలా ఈదుతుందో నీకు ఎవరు చూపించారు? అడిగావేమో కూడా. "నీకెందుకులే ఎండలో" అని ఉంటాడు. నాకు తెలుసు ఆ మాట, ఈ ఇంట్లో అది పాత మాటే.

అయినా ఒక్కటి చెప్పు. ఎరని రంగు మీద పెట్టకూడదని ఈ ఇంట్లో అందరి మీదా అరిచేదానివి నువ్వే కదా! అంత ఒళ్ళు తెలియకుండా ఎలా... ఓహో. గాలం లాగిందా? లాగేసరికి చేతిలో మిగతావి పలక మీద పడేశావు. లేచి నిలబడ్డావా? అయ్యో అయ్యో, పడవలో లేచి నిలబడతారటే ఎవరైనా! ఈత వచ్చా నీకు? రాదూ! ఏం గుండెనే నీది!

ఎంతుందేమిటి? నోటితో వద్దు, చేతులతో చూపించు.

ఓసి నీ అసాధ్యం కూలా! అంతే? ...నిజంగా అంతే? ఏం చేశావు దాన్ని? వదిలేశావా! మంచిపని చేశావులే, ఇంటికి తెస్తే ఆ వాసనకే దొరికిపోయేదానివి.

నవ్వొస్తోంది కదూ. నాకూ వస్తోంది. ఆపేద్దాం ఇద్దరం. నవ్వే రోజు కాదిది.

ఆ మనిషి అప్పుడు రేవులో బ్రష్షులు కడుక్కుంటూ ఉండి ఉంటాడు. నిన్ను చూశాడు. మర్నాడు మచ్చలు చూశాడు. మీ ఆయన వచ్చేలోపు కప్పేద్దామనుకున్నాడు. ఆరదని ఆయనకి తెలియదా? తెలుసు. తెలిసీ పూశాడు. దొరికిపోయాక ఒక్క మాట చెబితే బయటపడేవాడు. చెప్పలేదు. నీ కాపురంలో చిచ్చుపెట్టడం ఇష్టంలేక దొంగ అనే పేరు మోసుకుని ఇంటికి పోయాడు. ఆయన ఈ గది వైపు చూసిన చూపు ఏమిటో ఇప్పుడు అర్థమైంది నాకు. "చెల్లెమ్మా, నువ్వే చెబుతావా?" అని.

నువ్వు స్టౌ మీద కలుపుతూ ఉన్నావు.

తిట్టడం లేదే. భయపడ్డావు. మీ ఆయన నోటికి ఎవరైనా భయపడతారు. నువ్వు భయపడి చేశావు, నేను భయం లేకుండా చేశాను. పైవాడు ఎవరిని ముందు పిలుస్తాడో నాకు తెలుసులే.

నేనే చెప్పెయ్యొచ్చు మావాడికి. నోరు దురదగా కూడా ఉంది. కానీ ఈ నోరు మొన్న ఒకటి చెప్పింది, ఇవాళ ఇంకొకటి చెబితే ఎవడు నమ్ముతాడు? నా నోట వెళ్తే అది చాడీ, నీ నోట వెళ్తేనే నిజం.

ఉష్... గేటు. వ్యానే. వాడే. పక్కనుంచి ఇంకెవరో దిగుతున్నారు, చేతిలో బకెట్టు. కొత్తవాడు కాబోలు.

లే. చెయ్యి ఇవ్వు, నన్నూ లేపు. అంటుకుంటోందా? పొద్దున ఆ పలక మీద ఆనించిన చెయ్యే. సబ్బుతో తోమాను, కిరసనాయిలు రాశాను, పోవడం లేదు. పోనీలే, ఉండనీ. నువ్వు మధ్యలో వదిలించుకుని పారిపోకుండా ఉంటావు.

ఏం చెప్పాలా? వెళ్తూనే "పడవ నేనే తీశాను" అని నీ గోల మొదలుపెట్టకు. అది తరవాత. ముందు చెప్పాల్సింది రంగులాయన గురించి. తన చేత్తో వేసిన రంగు పాడైంది, ఎవరు పాడుచేశారో కళ్ళారా చూశాడు, అయినా నింద తన మీద వేసుకుని ఒక ఆడపిల్ల పేరు పైకి రానివ్వలేదు. ఆ ఒక్క సంగతీ గుర్తుంచుకో. మీ ఆయనకి చెప్పు, ఆ బకెట్టువాడికి చెప్పు, డాక్టరొస్తే ఆయనకీ చెప్పు. సాయంత్రం రొట్టెల కొట్టు దగ్గర వాళ్ళావిడ ముందు, పదిమంది వింటుండగా, ఇద్దరం కలిసి చెబుదాం. రేపు నీ పిల్లలకి కూడా చెప్పు.

బ్రష్షు సీసాలో పడెయ్, ఆరిపోతుంది. పద.