జేబులో పువ్వు

బావగారు నోరు తెరిచాడంటే ఎదుటివాళ్ల టీ చల్లారాల్సిందే. నర్సరీ వ్యాను నడపడం ఆయన ఉద్యోగం, మాట్లాడడం ఆయన అసలు పని. నర్సరీలో కార్నేషన్ పూలమొక్కలు చూసే మరదలు "బావగారూ" అని పిలవగా పిలవగా, రోడ్డుకి ఇవతలి టీకొట్టులో అందరికీ ఆయన బావగారే అయిపోయాడు.

ఆ పొద్దున మరదలు రోడ్డు దాటి వచ్చేసరికి కథ మొదలైపోయింది. ఆయన చొక్కా జేబులో ఒక పువ్వు నిలబడి ఉంది. వానమబ్బు రంగు రేకులు, ప్రతి రేకు అంచునా పసుపు పెన్సిలుతో గీసినట్టు సన్నటి గీత. కాడకి ఎర్ర ఊలు దారం ముడి ఇంకా అలాగే ఉంది. ఆ ముడి వేసింది ఆమే.

ఏడేళ్లుగా ఆమె కొత్త రంగు కోసం ఒక పువ్వు పుప్పొడి తీసి ఇంకో పువ్వుకి అద్దుతూనే ఉంది. చెప్పుకోదగ్గది ఒక్కటీ రాలేదు. పది రోజుల కిందట మూల మడిలో ఒక తెల్లపూల మొక్కకి, అదీ ఒక్క కొమ్మకి మాత్రం, ఎవరూ అడక్కుండానే ఈ రంగు వచ్చి కూర్చుంది. ఆ కొమ్మ పక్కల నుంచి వచ్చే పిలకలు తీసి ఇసుకలో నాటితేనే అది కొత్త రకమవుతుంది, లేకపోతే పూసి వాడిపోయిన ఒక పువ్వు, అంతే. ఈ సీజన్లో కొత్తది రాకపోతే మూల మడి పీకించి మామూలు ఎర్రపూలు వేయిస్తానని యజమాని ఎప్పుడో చెప్పేశాడు. పిలకలు వేలెడు పొడుగయ్యాయని ఇవాళ ఇసుక తట్ట పట్టుకుని వెళ్లి చూస్తే, కొమ్మ మొదలంటా కోసేసి ఉంది. పొద్దున్నే పూలు ఎక్కించుకోవడానికి మడుల్లోకి వెళ్లేది బావగారొక్కడే.

సూటిగా అడిగితే ఆయన ఒట్లు పెట్టుకుంటాడు. ఒట్లు మొదలయ్యాయంటే ఇక నిజం బయటికి రాదు. మాట్లాడనిస్తే మాత్రం ఎక్కడో ఒకచోట జారిపడుతుంది. అక్క పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆమె నేర్చుకున్నది అది. జేబులో కాడ జానెడే ఉంది, ఒక్క పిలకా లేదు. అవి ఎండలో పడి ఉంటే గంటలో వాడిపోతాయి. ఆమె ఒక టీ చెప్పి బల్ల చివర కూర్చుంది.

"నేనేం గొప్పలు చెప్పుకోవట్లేదు," అంటున్నాడు బావగారు. "చిన్న పని. తెల్లదాని పుప్పొడి తీసి ఊదాదానికి అద్దాను, కుంచె దొరక్కపోతే నా కనుబొమ్మ వెంట్రుకలు నాలుగు పీకి అగ్గిపుల్లకి కట్టాను, ఇదిగో, ఈ పక్క బోసిగా లేదూ?"

సైకిళ్ల మెకానిక్ వంగి చూశాడు. "రెండూ ఒకేలా ఉన్నాయన్నా. తెల్లపువ్వు తెచ్చి సిరా నీళ్లలో పెట్టావు, ఒప్పేసుకో."

"సిరా అయితే తేనెటీగలు కొట్టుకుంటాయా? మొగ్గ విచ్చిన రోజు రెండు తేనెపట్టుల ఈగలొచ్చి పువ్వు మాదంటే మాదని గొడవ, ఒకళ్లూ తగ్గరు, చివరికి నేనే మధ్యలో కుర్చీ వేసుకుని పొద్దున మీరు, సాయంత్రం వాళ్లు అని వంతులు వేశాను, అప్పట్నుంచీ వరసలో నిలబడి వస్తున్నాయి, ఒక్కటి ముందుకి తోసుకురాదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తేనె కూడా ఈ రంగే వచ్చి ఉంటుంది," అన్నారు లెక్కల మాస్టారు పేపర్లోంచి తలెత్తకుండా. రిటైరయ్యాక ఆయన పొద్దుటి పూటలన్నీ ఇక్కడే గడుస్తాయి.

"అదీ, చదువుకున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. సీసాలో పోస్తే మూతి దగ్గర పసుపు గీత కూడా పడింది. కావాలంటే మా మరదల్ని అడగండి, అంతా తన కళ్ల ముందే జరిగింది."

"చెప్పండి బావగారూ, వింటున్నాను," అంది మరదలు. "ఈ పువ్వు ఎక్కడ కోశారు?"

"కోయడమా? కోయనిస్తేగా. ఈ రంగు చూసి ఒక వానమబ్బు తన పిల్లే తప్పిపోయి ఇక్కడికొచ్చిందనుకుంది అమ్మాయ్, వచ్చి గాజు షెడ్డు మీద కూర్చుంది, పదకొండు రోజులు కదల్లేదు. చుట్టుపక్కల చుక్క వాన లేదు, మా షెడ్డు మీద మాత్రం ధార."

"అన్నా, నేను ఆ షెడ్డు ముందు నుంచే రోజూ వెళ్తాను, ఎప్పుడూ తడవలేదే," అన్నాడు మెకానిక్.

"వెడల్పు తక్కువరా. షెడ్డుకి సరిగ్గా కొలిచినట్టు కురిసింది. పన్నెండో రోజు నేనే నిచ్చెన వేసుకుని ఎక్కి, నీ పిల్లని బాగా చూసుకుంటాం తల్లీ, వెళ్లిరా అని బతిమాలితే కళ్లు తుడుచుకుని పోయింది. అది తొలగాక పువ్వు ఆకాశంలోకి కనపడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

మరదలి టీ వచ్చింది. ఆమె తాగలేదు. గోడగడియారం వైపు చూసింది, బల్లమీద చూసింది, వ్యాను వైపు చూసింది. మొహం మాత్రం కథ వినేవాళ్ల మొహంలాగే పెట్టుకుంది.

"విమానం దిగింది," అన్నాడు బావగారు. "ఈ పసుపు గీతలు చూసి పైలట్ దిగే చోటు ఇదే అనుకున్నాడు. రెండొందల మంది ప్రయాణికులతో సహా సరిగ్గా తెచ్చి రేకు మీద దింపాడు."

"రేకు మీద విమానం ఎలా పడుతుందయ్యా?" అన్నారు మాస్టారు.

"అప్పటికి పువ్వు ఈ కొట్టంత ఉందండీ, తర్వాత నేనే కత్తిరించి తగ్గించాను. ఆ రెండొందల మందీ ఇక్కడే టీ తాగారు. విమానం చక్రానికి పంక్చరు వేసింది ఈ మెకానికే, వీడికి మతిమరుపు."

మెకానిక్ ఒప్పుకున్నట్టు తలూపాడు. అందరూ నవ్వారు. బావగారు ఇంకాస్త నిటారుగా కూర్చున్నాడు. ఇప్పుడు ఆయన మాటకి అడ్డూ అదుపూ ఉండదని మరదలికి తెలుసు, అడగాల్సిన సమయం ఇదేనని కూడా తెలుసు.

"అంత పువ్వుకి కాడ కూడా పొడుగే కదా బావగారూ, జేబులో ఎలా పట్టింది?"

"నా ఎత్తు కాడ అమ్మాయ్. వ్యానులో పెడితే కిటికీలోంచి బయటికొచ్చింది, దారిలో ఇద్దరి టోపీలు ఎగరగొట్టింది, ఇక లాభం లేదని ఇక్కడికి తెచ్చి ఈ బల్లమీదే జానెడుకి కోసి, కింది ఆకులు దూసేసి..."

"మరి పిలకలు?"

"అదో అడవి. గిల్లీ గిల్లీ వేళ్లు నొప్పెట్టాయి. ఈ బల్ల కింద మోకాలెత్తు గుట్ట పడింది."

మోకాలెత్తు తీసేసి, అడవి తీసేస్తే మిగిలింది ఈ బల్ల కింద. మరదలు వంగి చూసింది. నేల శుభ్రంగా కడిగి ఉంది.

"బాబాయ్," అంది టీకొట్టాయనతో. "పొద్దున ఇక్కడ ఊడ్చింది ఎక్కడ వేశావు?"

"టీపిప్పి డబ్బాలోనమ్మా. చెత్తబండి వచ్చే వేళయింది."

ఆమె మాస్టారి చేతిలో పేపరు లాక్కుని నేలమీద పరిచి డబ్బా బోర్లించింది. వేడి తగ్గిన తడి పిప్పి కుప్పగా పడింది. మోచేతుల దాకా చేతులు పెట్టి వెతుకుతుంటే ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఐదు పిలకలు దొరికాయి. రెండు కాళ్ల కింద పడి నలిగిపోయాయి, ఒకదానికి చిగురు విరిగింది. మిగిలిన రెండూ పిప్పి తడిలో పచ్చగానే ఉన్నాయి. ఏడేళ్లలో రాని ఏడుపు అప్పుడొచ్చింది ఆమెకి. మోచేత్తో మొహం తుడుచుకుంది.

"ఏంటమ్మాయ్ ఆ చెత్త," అన్నాడు బావగారు. ఇంకా కథలోనే ఉన్నాడు. "మనకి లక్ష మొక్కలున్నాయిగా."

"ఉన్నాయిగా," అంది ఆమె తలెత్తకుండా. "ఆ జేబులోది వద్దు. ఆ రంగులో ఇంకో పువ్వు చూపించండి."

బావగారి చెయ్యి జేబు మీదికి వెళ్లింది. టీకొట్టాయన పొయ్యి మంట తగ్గించాడు.

"ఇంకోటి లేదు," అంది ఆమె. "లోకం మొత్తం మీద ఆ కొమ్మ ఒక్కటే. అందుకే దారం కట్టాను."

బావగారు జేబులోంచి పువ్వు తీసి దారం ముడి వైపు చూశాడు. "మళ్లీ పూస్తుందనుకున్నానమ్మాయ్," అన్నాడు. "రోజూ ఉత్త చేతుల్తో చెప్తాను, ఎవరూ నమ్మరు. ఇవాళ ఒక్కరోజు చేతిలో ఏదైనా పెట్టుకుని చెబుదామనిపించింది."

"చేతిలో ఉన్నా నమ్మలేదుగా," అంది మరదలు. తడి గుడ్డలో పిలకలు చుట్టుకుని రోడ్డు దాటి వెళ్లిపోయింది.

రెండింట్లో ఒకటి కుళ్లింది. రెండోది వేరు పట్టింది, దాని పిలకలు పదకొండయ్యాయి, వాటివి వంద దాటాయి. రంగు ఎక్కడా తప్పలేదు. యజమాని మూల మడి పీకించలేదు సరికదా, పక్క మడి కూడా ఇచ్చాడు. రకానికి పేరేమిటని అడిగితే మరదలు చీటీ మీద "జేబుపువ్వు" అని రాసింది.

బావగారు కొన్నాళ్లు టీకొట్టుకి రావడం మానేశాడు. వచ్చాక కూడా వాన గురించి, ధరల గురించి తప్ప మాట్లాడలేదు. ఒకరోజు మరదలే మడిలోంచి ఒక పువ్వు కోసి ఇచ్చింది. ఆయన దాన్ని జేబులో పెట్టుకుని ఆమెతో కలిసి టీకొట్టుకి వచ్చేసరికి కొత్తగా వచ్చిన పోస్టుమాన్ టీ తాగుతున్నాడు.

"ఇదెక్కడి రంగండీ," అన్నాడు పోస్టుమాన్.

"నేనేం గొప్పలు చెప్పుకోవట్లేదు," అన్నాడు బావగారు. ఈసారి నిజంగానే చెప్పుకోలేదు. ఒక్క కొమ్మకే రంగొచ్చిన సంగతి, తెలియక తనే కోసేసిన సంగతి, పిలకలు గిల్లి పారేస్తే ఊడ్చిన చెత్తతో డబ్బాలో పడడం, మరదలు టీపిప్పిలో చేతులు పెట్టి రెండు తీయడం, ఆ రెండింట్లో ఒకదాన్నుంచి ఇవాళ రెండు మడులు నిండడం, ఒక్క ముక్క కలపకుండా చెప్పాడు. చెబుతూ చెబుతూ ఒకసారి కళ్లు తుడుచుకున్నాడు.

పోస్టుమాన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "టీపిప్పిలోంచా? చాలామంది అబద్ధాలు విన్నాను గానీ, ఇంత చక్కగా కళ్లల్లో నీళ్లు పెట్టుకుని చెప్పేవాళ్లని చూడలేదండీ."

"అబద్ధం కాదయ్యా. ఇదిగో, తీసింది మా మరదలే, ఇక్కడే ఉంది. చెప్పమ్మాయ్."

మాస్టారు పేపరు దించారు. మెకానిక్ నవ్వాపుకుంటూ మొహం పక్కకి తిప్పుకున్నాడు. మరదలు ఆఖరి గుక్క తాగి గ్లాసు బల్లమీద పెట్టింది.

"మా బావగారి మాటలు పట్టించుకోకండి," అంది పోస్టుమాన్‌తో. "తెల్లపువ్వు తెచ్చి సిరా నీళ్లలో పెట్టారు."