అందరికీ నాగజ్యోతే

కడపలోని ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేసిన పసుపు రైతుల వెబ్‌సైటు ఆ పొద్దునే జనంలోకి వెళ్లింది. మధ్యాహ్నానికి పక్క సీటు అమ్మాయి కుర్చీ జరుపుకుని దాన్ని తయారుచేసిన కుర్రాడి దగ్గరకు వచ్చింది.

“మైదుకూరులో ఏ రైతు తెరిచినా ‘బాగున్నావా నాగజ్యోతీ’ అని నా పేరుతో పలకరిస్తాండాదప్పా.”

“నా ల్యాప్‌టాప్‌లో సరిగ్గానే ఉండాదే.”

“దాంట్లో రోజూ నా పేరుతోనే లాగిన్ అయితాంటే సరిగ్గానే ఉంటాది.”

“పరీక్షకు ఏదో ఒక పేరు కావల్ల కదా. మార్చేది మర్చిపోయినా.”

“ఆఫీసులో ఇంతమందిమి ఉండాము. నా పేరే దొరికిందా?”

అతనికి చెవులు వేడెక్కాయి. కీబోర్డు మీంచి తలెత్తలేదు.

“ఇప్పుడే తీసేస్తా. ఎవురెవురు చూసినారు?”

“మా నాయన చూసినాడు. మాదీ పసుపే కదా.”

“ఏమన్నాడు?”

“ఆ పేరు పెట్టినోడు ఎవురని అడిగినాడు.”

“నువ్వేం చెప్పినావు?”

“ఆదివారం ఆయప్పే ఇంటికొచ్చి చెప్తాడని చెప్పినా.”