టార్చి ఎవరు వెలిగించారు

చోడవరంలో ఒక బెల్లం వ్యాపారి ఆదివారం మధ్యాహ్నం కునుకు తీసి లేచి, ఫోన్ చూసుకోగానే భార్య మీద విరుచుకుపడ్డాడు. వాళ్ల నాలుగేళ్ల కూతురు అప్పటికి పెరట్లో ఉంది.

"ఏటే ఇది? పడుకున్నప్పుడు ఛార్జింగు ముప్పై ఉంది, ఇప్పుడు నాలుగు! కొత్త బ్యాటరీ ఏయించి వారం కాలేదు. ఆ సెల్లు షాపోడు నాకు పాత సరుకు అంటగట్టేడు."

"ఆడినేటీ అనకండి. ఎనకాల టార్చి ఎలుగుతంది, సూడండి."

"ఎవులు ఎలిగించేరు?"

"మీ కూతురే. రోజూ ఎలిగించి తలగడ కింద దాస్తంది."

"తెలిసీ ఊరుకున్నావా? పిలువు ఆ గుంటని, రెండు తగిలిస్తాను."

"తగిలిద్దురు గానీ, ముందు ఇనండి. బ్యాటరీ ఏయించడానికి ఫోను షాపులో ఇచ్చిన సాయంత్రం మీరేటి చేసేరు?"

"ఏటి చేసేను? తోచక గుంటతో బంతాడేను."

"సీకటి పడీదాకా ఆడేరు. ఆ రోజు ఎనిమిదికల్లా ఒళ్లెరక్కుండా పడుకుంది. మిగతా రోజులు మీరు మంచమ్మీద ఫోను సూస్తారు, అది మీ పక్కన కూకుని సూస్తది, పదకొండైనా కన్ను మూయదు. ఛార్జింగు అయిపోతే నాన్న ఆడతాడని దాని లెక్క."

"నాలుగేళ్ల గుంటకి ఇంత లెక్కేటే?"

"యాపారం చేసీది మీరు, నన్నడుగుతారేటి? టార్చి ఆపీమంటారా?"

"వద్దులే, ఎలగనీ. బంతెక్కడ పెట్టేవు?"

"నేనెక్కడ పెడతాను? గంట నుంచి అది పట్టుకునే పెరట్లో నిలబడింది."