కుర్చీ దిగేలోపు పెళ్లి

కొరియాలోని బుసాన్ రైల్వే యార్డు ఎదురుగా ఉన్న సూప్ హోటల్లో, మధ్యాహ్నం పూట, తండ్రి గు బొన్‌సిక్, కూతురు హేజు.

"నవంబరు దాటితే కుదరదంటే కుదరదు తల్లీ."

"నాన్నా, ముందు నేను చెప్పేది..."

"చెబుదువుగాని. సూప్ చల్లారిపోతోంది, తిను. డిసెంబరు ఆఖరుకి నన్ను రిటైర్ చేసి ఇంటికి పంపేస్తారు. కుర్చీ దిగినవాడి కూతురి పెళ్లికి ఎవడొస్తాడు?"

"పెళ్లి నాకా, నీ కుర్చీకా?"

"ముప్పై ఏళ్లుగా యార్డులో ప్రతివాడి పిల్లల పెళ్లికీ చదివింపులు ఇచ్చాను. నచ్చనివాళ్లక్కూడా! అవన్నీ తిరిగొచ్చేది ఇప్పుడే. ఇంతకీ కాబోయే అల్లుణ్ణి తీసుకురమ్మన్నానుగా, ఏడీ?"

"రాలేదు. అయినా చదివింపులతో నీకేం పని? రిటైరైతే వచ్చే డబ్బుందిగా?"

"ఉంది... ముల్లంగి కిమ్చీ ఇంకొంచెం తెమ్మననా?"

"నాన్నా."

"ముందే తీసేసుకున్నాను. మీ అన్నయ్య చికెన్ కొట్టుకి."

"అది మూతపడిందిగా!"

"అది మొదటిది. ఇది రెండోది."

"సరే. నేను నెలనెలా పంపింది ఉందిగా. నీకూ అమ్మకూ పెద్దతనానికని. దాన్ని ముట్టుకోనన్నావు."

"సూప్ తాగవే."

"ముట్టుకోనన్నావు నాన్నా."

"కొట్టు అడ్వాన్సుకి కాస్త తక్కువైంది. ఇంట్లోవాడికేగా ఇచ్చింది, పరాయివాడికా?"

"ఎన్నేళ్లు! చలికోటు కూడా కొనుక్కోకుండా పంపాను. మోసం చేశావు నన్ను."

"అంతంత మాటలెందుకే? చెబితే ఒప్పుకోవనేగా చెప్పలేదు!"

"దాన్నే మోసమంటారు."

"అరవకు, ఇక్కడంతా మా యార్డువాళ్లే. ఈ పెళ్లి అయితే చాలు, ఆ చదివింపులతో మీ అమ్మా నేనూ ఎలాగో గడుపుకుంటాం. నిన్నింక పైసా అడగం. అల్లుడితో మాత్రం ఇవన్నీ అనకు."

"అనక్కర్లేదు. కాపురానికి ఇల్లు చూద్దాం, నీ దగ్గరెంత ఉందని అడిగాడు. అంతా అమ్మానాన్నలకే పంపానన్నాను."

"నా తల్లే! మెచ్చుకుని ఉంటాడు."

"ఉంగరం తిరిగిచ్చేశాడు. పోయిన వారం."

"ఏంటీ?"

"పోనీలే, నా పెళ్లి పోయినా మీ ఇద్దరికీ లోటుండదు కదా అనుకుంటూ వచ్చాను నాన్నా."