మూడున్నర నుంచి నాలుగు

తనకల్లు పక్కన ఒక పల్లె. ఎవరు రోజంతా ఏం చేస్తారో రాసుకుపోయే సర్వే. హేమలత అరుగు మీద కూర్చుని, తిరుపాలమ్మకు నిన్న గడిచిన దినాన్ని అరగంటకొక గడిగా ట్యాబ్‌లో ఎక్కిస్తోంది. తిరుపాలమ్మ మొగుడు కుళ్లాయప్ప గడపలో నిలబడి వింటున్నాడు.

“...సంగటి తిన్నాక, అక్కా?”

“గిన్నెలు తోమినా.”

“అది రెండు దాకా. ఆ తర్వాత?”

“ఏముంటాది. ఏమీ లేదు.”

“ఏమీ లేదంటే ఈ మిషను ముందుకు పోదక్కా. పండుకుంటే పండుకున్నానని, కూర్చుంటే కూర్చున్నానని చెప్పు.”

“పండుకున్నా. నిద్ర రాల్యా. దూలాలు చూస్తా ఉంటి.”

“పక్కన ఎవరన్నా ఉన్నారా?”

“ఆయప్ప ఉండె.”

“మాట్లాడుకున్నారా?”

“లేదు.”

“పొద్దున్నుంచీ?”

“ఉప్పు అన్నాడు. ఇచ్చినా.”

“ఏమమ్మా, గవర్నమెంటోళ్లు మొగుడూ పెండ్లాం మాటలు గూడా రాసుకుంటారా?”

“లేదన్నా, ఊరికే అడిగినా. మూడున్నరకు ఏం చేసినావక్కా?”

“నీళ్లకు పోయినా.”

“కుళాయి ఇంటి ముందరే ఉండాది కదా.”

“నీళ్లకే పోతాది, రాసుకోమ్మా. దినామూ పోతాది.”

“అన్నా, అక్కనే చెప్పనీ. నీది తర్వాత రాసుకుంటా.”

“కుళాయికి తెల్లారే నీళ్లొస్తాయి. ఆ యాళప్పుడు రావు.”

“మరి బిందె ఎత్తుకోని యాడికి పోయినావు?”

“బిందె... బిందె ఎత్తుకోల్యా పాపా. నువ్వు అడిగితే ఇప్పుడు తెలుస్తాండాది. ఉత్త చేతులతో పోయినా.”

“యాడికి?”

“రోడ్డు కాడికి.”

“ఎవరన్నా వస్తారనా?”

“మాకెవరొస్తారు.”

“మరి ఏం చేసినావక్కా ఆడ?”

“నిలబడినా. కదిరి బస్సు వచ్చె. ఆగె. పాయె.”

“నువ్వు చెయ్యెత్తినావా?”

“ఎత్తల్యా. ఆ డ్రైవరు నన్ను చూస్తే ఆపుతాడు. దినామూ నిలబడతా కదా.”

“దినామూనా?”

“మొన్న పోయినా. ఆ ముందర దినం గూడా. శుక్రవారం తలనొప్పి, అయినా పోయినా. అవును, దినామూ.”

“ఎప్పట్నుంచి?”

“మూడో బోరు ఎండినంక. చేన్లో పని ల్యాకపాయె. ఉండిన రెండు మ్యాకలూ అమ్మేస్తిమి.”

“ఆడ నిలబడి ఏమనుకుంటా ఉంటావు?”

“ఏమీ అనుకోను. మొగం కడుక్కోని, చీర మార్చుకోని పోతా. అంతే.”

“రోడ్డు కాడికి పోయేకి చీర మార్చుకుంటావా?”

“మార్చుకుంటా. ఆధార్ కార్డు గూడా రవికలో పెట్టుకుంటా.”

“కార్డు ఎందుకు?”

“ఆడోళ్లకు బస్సులో టికెట్టు లేదు కదా. కార్డు చూపిస్తే చాలు.”

“అది ఎక్కేవాళ్లకు కదక్కా.”

“అవును. ఎక్కేవాళ్లకే.”

“ఎక్కితే యాడికి పోతావు?”

“హిందూపురంలో మా యక్క ఉండాది. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని. రా, నీకూ ఇప్పిస్తా అంటాది. రాను అంటా. ఫోను చేసినప్పుడల్లా రాననే అంటా.”

“రాననే చెప్పి, కార్డు ఎత్తుకోని పోతావు?”

“అదే చూడు. పోవాలని ఉండాదేమో పాపా నాకు.”

“అన్నతో ఏమన్నా గొడవా?”

“గొడవ పడాలన్నా మాట్లాడాల కదా.”

“మే, నీళ్లు కాగినాయేమో చూడుపో.”

“ఒక్క నిమిషమన్నా. అక్కా, ఈ గడిలో ఏం రాయమంటావు?”

“నిలబడినానని రాయి.”

“అట్లాంటిది లేదు ఇందులో. బండి కోసం కాచుకోవడం అని ఒకటుండాది.”

“అదే నొక్కు.”

తిరుపాలమ్మ లేచి లోపలికి వెళ్లింది. ఆమె లేచిన చోట కుళ్లాయప్ప వచ్చి కూర్చున్నాడు.

“ఇంక నీది చెప్పన్నా. నిన్న పొద్దున...”

“లేచినా, తిన్నా, పండుకున్నా. రాసుకోని పో తల్లీ.”

“అట్ల కుదరదన్నా. గంటలు చెప్పాల. మూడున్నర నుంచి నాలుగు?”

“చేన్లో ఉంటి.”

“చేన్లో పని లేదని అక్క చెప్పె కదా.”

“గట్టు మీద కూర్చుంటా.”

“ఊరికేనా?”

“ఆడ్నుంచి రోడ్డు కనపడతాది.”

“అక్కను చూస్తా కూర్చుంటావా?”

“బస్సును చూస్తా.”

“దినామూ?”

“దినామూ.”

“అక్కకు తెలుసా?”

“తెలీదు. నేను గూడా ఎప్పుడూ లెక్క పెట్టుకోల్యా, నువ్వు ఇట్ల అరగంట అరగంట అడిగేదాకా. ఆ యాళకు కాళ్లు ఆడికే పోతాయి.”

“ఎక్కిపోతాదేమోనని భయమా అన్నా?”

“భయమే అనుకుంటి. బస్సు మలుపు తిరిగితే లేచి నిలబడతా.”

“నిన్న గూడా?”

“నిన్న శానాసేపు ఆగె బస్సు. ఎక్కేసింది అనుకున్నా. పోయినంక దుమ్ము అణిగె. చూస్తే ఆయమ్మి ఆడే నిలబడుండె.”

“అప్పుడు నిమ్మళమాయనా?”

“లేదమ్మా. ఏడుపొచ్చె. ఈ దినం గూడా పోలేకపాయె కదా అని.”